ఓడ కిరాయి ఎవరు కట్టారు

ఫౌండేషన్‌కు పంపే బడ్జెట్‌లో ఖర్చు తగ్గించి రాస్తే, ఆ తగ్గించిన డబ్బు ఎవరో ఒకరు కట్టి తీరాలి. మా విషయంలో కట్టింది చేపలమ్ముకునే ఆడవాళ్లు. వాళ్లను అడక్కుండానే వాళ్ల పేరు మీద ఆ ఖర్చు వేసింది నేను. పైగా నేను రాసిన ఆ తక్కువ లెక్క మాతోనే ఆగలేదు. మా తర్వాత దరఖాస్తు పెట్టుకున్న ఇంకో దీవివాళ్లకు కూడా అడ్డం పడింది. చిన్న చిన్న సంఘాలు నడుపుతూ పెద్ద సంస్థల దగ్గర గ్రాంటు కోసం కాయితాలు సిద్ధం చేసుకుంటున్న తెలుగువాళ్లు చాలా చోట్ల ఉన్నారు. వాళ్లకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

మాది పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరు నుంచి సర్కారు కాయితాల్లో శ్రీ విజయపురం. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవులన్నిటిలో కలిపి 3,80,581 మంది ఉన్నారు. మాతృభాషల వరసలో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. తెల్లవారుజామున జంగ్లీఘాట్ రేవు దగ్గర నిలబడితే కోనెం ధర, పార ధర ఉత్తరాంధ్ర యాసలోనే వినబడతాయి. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. నేను ట్యూషన్లు చెప్పుకుని బతికినవాణ్ని. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కొంతమందిమి కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. చదువు వచ్చినవాడినని కార్యదర్శి పని నాకిచ్చారు.

తీరాన ఉన్న మా తెలుగుపేటలో ఆడవాళ్లు రేవులో మిగిలిన చేప కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్ముతారు. ఇక్కడ ఏడాదికి ఇంచుమించు మూడు వేల మిల్లీమీటర్ల వాన. మేలో నైరుతి మొదలైతే సెప్టెంబరు దాకా, ఆ వెంటనే ఈశాన్యం డిసెంబరు దాకా. గట్టిగా ఎండ కాసేది జనవరి నుంచి ఏప్రిల్ వరకే. ఆ నాలుగు నెలల్లో ఎండిన చేపే ఏడాది సంపాదన. మిగతా కాలంలో ఇసుక మీద పరిచిన చేపకు పైనుంచి జల్లు, కిందనుంచి తేమ, ఆపైన ఈగ. రెండోరోజుకు పురుగు పడుతుంది. నేల మీద కాకుండా ఎత్తున, వల పరిచిన మంచెల మీద ఆరబెట్టమని చేపల శాస్త్రవేత్తలు ఎన్నాళ్ల నుంచో చెబుతున్నదే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలో కూడా కేంద్రం ఉంది. అక్కడ చూసి వచ్చిన ఒక అక్క ఆ మాట మా పేటలో చెప్పింది. మాకు మంచెలు, ఐసు పెట్టెలు కావాలని ఆడవాళ్లే అడిగారు. అడగడం దాకా పని సరిగ్గానే జరిగింది.

డబ్బు ఎక్కడ దొరుకుతుందో కూడా అప్పటికి తెలుసు. 2014 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. దీన్నే సీఎస్ఆర్ అంటారు. ఆ డబ్బు పంచడానికి చాలా కంపెనీలు ఫౌండేషన్లు పెట్టుకున్నాయి. వాటిలో ఒకటి దరఖాస్తులు పిలిస్తే మేం పెట్టుకున్నాం. దాని పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల వైపు నుంచి మాకు అన్యాయమేమీ జరగలేదు.

ప్రపోజల్ రాయడం నాకు కొత్త కాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మెయిన్‌ల్యాండ్ నుంచి, విదేశాల నుంచి వచ్చిన సంస్థలకు దుబాసీగా, రాతగాడిగా పనిచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత ఎలా ఉండాలో అప్పుడే నేర్చుకున్నాను. జనం ఎంత దీనంగా కనిపిస్తే అంత మంచిది, ఖర్చు ఎంత తక్కువగా కనిపిస్తే అంత మంచిది. ఇలా చేయమని నాకెవరూ చెప్పలేదు. ఏ కాయితాలు నెగ్గాయో చూసి నాకు నేనే అలా అనుకున్నాను. పదేళ్ల తర్వాత కూడా అదే చేత్తో రాశాను. హైదరాబాదులో స్నేహితుడి సంస్థ పాత ప్రపోజల్ తెప్పించుకుని, అందులో పేర్లూ ఊళ్లూ మార్చి, వాళ్ల బడ్జెట్ వరసల్లోనే మా అంకెలు నింపాను. ఆ వరసల్లో ఓడ లేదు. హైదరాబాదులో పనిచేసేవాళ్లకు ఓడతో ఏం పని?

ఐసు పెట్టె ధర చెన్నై దుకాణంలో ఎంతో అంతే వేశాను. దాన్ని చెన్నై రేవుకు చేర్చడం, సరుకు ఓడలో చోటు దొరికేదాకా గోదాము అద్దె, ఓడ కిరాయి, హడ్డో రేవులో దింపుడు కూలి, అక్కడి నుంచి పేటకు వ్యాను, ఇవేవీ వేయలేదు. నాకు తెలీక కాదు. ఈ ఊళ్లో పుట్టినవాడికి తెలియకపోవడమేమిటి? సిమెంటు బస్తా నుంచి ఉల్లిపాయ దాకా మేం కొనే ప్రతి వస్తువులో ఓడ కిరాయి కలిసే ఉంటుంది. ఆ ఖర్చులన్నీ ఒక తెల్లకాయితం మీద వేసి చూశాను కూడా. పెట్టె ధరలో మూడో వంతు దాకా పెరిగింది. అంత పెరిగితే మెయిన్‌ల్యాండ్ సంఘాల పక్కన మా దరఖాస్తు ఖరీదుగా కనబడి పక్కకు పోతుందని భయపడ్డాను. ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

లెక్కలు రాసే అమ్మాయి జీతం కూడా అలాగే కొట్టేశాను. మా పేట పిల్లే, ఇక్కడి కాలేజీలో బీకాం చదివింది. నెలకు 6,000 అని మొదట రాసి, తర్వాత ఆ గడిలో సున్నా పెట్టాను. పక్కన 'స్వచ్ఛంద సేవ' అని రాశాను. ఆ పిల్లకు తర్వాత చెప్పాను, ముందు కాదు.

ఇవన్నీ హడావుడిలో జరిగిపోయాయని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. హడావుడి ఉన్న మాట నిజమే. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న గాని ప్రారంభం కాలేదు. అంతకుముందు మాకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా వచ్చేది, వాన పట్టిందంటే అదీ ఉండేది కాదు. ఆడిట్ రిపోర్టు స్కాను చేసి ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోవడం, మళ్లీ మొదటినుంచి నింపడం, గడువు తేదీ రాత్రి దాకా ఇంటర్నెట్ షాపులోనే కూర్చోవడం, అన్నీ పడ్డాం. కానీ సున్నా పెట్టింది నెమ్మదిగా, ఆలోచించే పెట్టాను. ఇంటర్నెట్ బాగున్నా అదే పెట్టేవాణ్ని.

తప్పు దిద్దుకునే అవకాశం ఒకసారి ఎదురుగా వచ్చి కూర్చుంది.

మంజూరుకు ముందు ఫౌండేషన్ నుంచి ప్రోగ్రాం ఆఫీసరు పేట చూడటానికి వచ్చారు. వయసులో చిన్నావిడ, కానీ పని తెలిసిన మనిషి. ఇళ్ల మధ్య చింతచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. పక్కనే ఒక అక్క కత్తిపీట ముందు కూర్చుని కవళ్లు కోస్తోంది. పొట్ట చీల్చడం, పేగులు తీసి ఒక బకెట్లో వేయడం, ఉప్పునీళ్ల బకెట్లో ముంచి తట్టలోకి విసరడం. చేతులు ఆగడం లేదు, చెవి మాత్రం మా వైపే ఉంది. ఆఫీసరుగారు బడ్జెట్ కాయితం మోకాళ్ల మీద పెట్టుకుని ఒక్కో వరస చదువుతూ వచ్చి, పెట్టెల దగ్గర ఆగారు. అప్పటిదాకా హిందీలోనే మాట్లాడుకుంటున్నాం.

"ఇవి చెన్నై నుంచి వస్తాయి కదా. ఇందులో రవాణా ఎక్కడుందండీ?" అన్నారు.

జేబులో ఆ కాయితం ఇంకా ఉంది. తీసి ఇస్తే ఆమె చదివేవారు, బహుశా ఆ వరస కలిపేవారు కూడా. నేను ఇంగ్లీషులోకి మారాను. అది స్థానికులు భరిస్తారండీ, దాన్ని మేం ప్రజల వాటా అనుకుంటున్నాం అన్నాను. ఆమె ఒక క్షణం నా వైపు చూసి, "వాళ్లు ఒప్పుకున్నారా?" అని అడిగారు. ఒప్పుకున్నారన్నాను. ఆమె నోటుపుస్తకంలో రాసుకున్నారు. కవళ్లు కోస్తున్న అక్కకు అండమాన్ హిందీ బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. అప్పుడు భాష మారడం మామూలుగా జరిగిందనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

గ్రాంటు మంజూరైంది. పేటలో అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను.

మొదటి విడత వానాకాలంలో పడింది. నేను రాసిన పనుల పట్టికలో మొదటి త్రైమాసికం మంచెలు కట్టడం, రెండోది పెట్టెలు పంచడం, మూడోది ఎండబెట్టడం అని ఉంది. లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది కాబట్టి మూడు మూడు నెలల గడులు కొట్టి నింపేశాను. వర్షాలు ఆ గడుల్లో ఎక్కడా లేవు. పట్టిక ప్రకారం ఖర్చు చూపించకపోతే రెండో విడత రాదని జడివానలోనే మంచెలు కట్టించాం. కర్రలకు బూజు పట్టింది, ముడులు వదులయ్యాయి. జనవరిలో ఎండ వచ్చేసరికి వాటిలో చాలావాటిని విప్పి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. కట్టింది ఆడవాళ్లే. దానికి కూలి లేదు. ఆ పని కూడా ఏ కాయితంలోనూ లేదు.

పెట్టెల కొనుగోలుకు మూడు కొటేషన్లు జతచేయాలన్నది షరతు. మా దీవిలో ఆ రకం పెట్టెలు తెప్పించే దుకాణం అప్పుడు నాకు తెలిసి ఒకటే. దుకాణదారు తనకు తెలిసినవాళ్ల లెటర్‌హెడ్‌ల మీద ఇంకో రెండు, ధర కాస్త ఎక్కువ వేసి తెచ్చిచ్చాడు. అవి ఉత్తుత్తి కొటేషన్లని తెలిసే తీసుకుని పెట్టాను. ఇలాంటివి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందరూ చేస్తున్నారన్న ధైర్యంతోనే నేనూ చేశాను. ఇక్కడ ఒకే ఒక్క దుకాణం ఉంది, కారణం ఇదీ అని ఒక పేజీ ఉత్తరం రాసి, ముందుగా అనుమతి అడిగితే చాలా ఫౌండేషన్లు ఒప్పుకుంటాయి. తర్వాత నేను అలా రాసినప్పుడు ఒక్కరోజులో అనుమతి వచ్చింది.

పెట్టెలు చెన్నై రేవులో ఆగిపోయాయి. కిరాయి కట్టాలి, సంఘం ఖాతాలో అందుకు కేటాయించిన డబ్బు లేదు. గోదాము అద్దె పెరుగుతోంది. అప్పుడు నేను వెళ్లింది ఆడవాళ్ల పొదుపు సంఘం దగ్గరికి. చేబదులు ఇవ్వమన్నాను, రెండో విడత రాగానే ఇచ్చేస్తానన్నాను. పెద్దావిడ, మేం మామ్మ అని పిలిచే ఆవిడ, "ఏటి మేస్టారూ, ఓడోడికి డబ్బులు పెద్ద కంపినీ ఇయ్యదా?" అని అడిగింది. కాయితాల్లో ఆలస్యమవుతోంది మామ్మా అన్నాను. వాళ్లు ఇచ్చారు. ఆ డబ్బు ఎందుకు దాచుకున్నదో నాకు తెలుసు. వేట సాగని గాలివాన రోజులకు, జూన్‌లో బడి ఖర్చులకు. ఆ ఏడాది బడులు తెరిచే వేళకు వాళ్లలో ఒకామె వడ్డీకి తెచ్చుకుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండో విడతలో ఆ బాకీ తీర్చే వరస లేదు. ఎలా ఉంటుంది, మొదట నేను రాస్తే కదా? మంచెల డబ్బు తీసి కిరాయికి సర్దితే ఒప్పందం తప్పినట్టు. అసలు రెండో విడతే చాలా ఆలస్యమైంది. ఖర్చుల లెక్క తేల్చి, ఆడిటరు సంతకంతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపితే గాని అది రాదు. లెక్కలు రాసే అమ్మాయి హావ్‌లాక్ దీవిలోని హోటల్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. నెల జీతం వచ్చే పని వస్తే వెళ్లక ఏం చేస్తుంది? వెళ్తూ వోచర్లన్నీ తేదీల వారీగా కట్టి ఇచ్చింది. ఆ తర్వాతివి నేను ఒక సంచిలో వేసుకుంటూ పోయాను. ఆడిటరుగారి ముందు ఆ సంచి కుమ్మరిస్తే డ్రైవరు ఇచ్చిన రసీదు ఒకటి రెండుసార్లు ఎక్కింది, ఉప్పు బస్తాల రసీదు అసలే లేదు. నెలకు 6,000 మిగిల్చానని అనుకున్నందుకు అంతకు ఎన్నో రెట్ల విడత నెలల తరబడి ఆగింది.

ఇక్కడిదాకా అయితే ఇది మా పేట కష్టం, నా తప్పు. కానీ ప్రాజెక్టు ముగిశాక మేం పంపిన నివేదికలో ఒక్కో కుటుంబానికి అయిన ఖర్చు అని ఒక అంకె ఉంది. చాలా తక్కువ అంకె. పొదుపు డబ్బు అందులో లేదు, జీతం లేదు, ఆడవాళ్లు మళ్లీ కట్టిన మంచెల కూలి లేదు. దూర దీవుల్లో కూడా ఇంత తక్కువలో చేయవచ్చని ఫౌండేషన్‌వాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం సంఘం గోడకు తగిలించాం.

ఆ తర్వాత లిటిల్ అండమాన్‌లోని హట్‌బే నుంచి ఒకాయన ఫోను చేశారు. వాళ్లదీ మాలాంటి సంఘమే. ఐసు పెట్టెలకే దరఖాస్తు పెట్టారు, ఓడ కిరాయి కలిపి నిజాయితీగా రాశారు. వాళ్లకు రెండు ఓడలు. మెయిన్‌ల్యాండ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా ఒకటి, ఇక్కడ దింపి మళ్లీ దీవుల మధ్య తిరిగే ఇంకో ఓడకు ఎక్కించాలి. "మీ లెక్క చూపించి మా బడ్జెట్‌లో కోత పెట్టమన్నారు మేస్టారూ. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంతలో అయితే మీకు ఎందుకంత అవుతుందంటున్నారు. మీకెలా సరిపోయిందో చెబితే మేమూ అలాగే చేస్తాం" అన్నారు. ఆయన అడుగుతున్నది వినయంగా, నేర్చుకుందామని. నా దగ్గర చెప్పడానికి ఉన్న జవాబు ఒక్కటే. చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ ముక్క వాళ్లకు రాసివ్వగలరా?" అన్నారు.

కాయితంలో గడి ఎలా ఉంటే మనుషులు అలా కుదించుకోవాల్సి రావడం ఈ దీవుల్లో ఇంతకన్నా చాలా పెద్దగా జరిగింది. నికోబారీల్లో తుహేత్ అని ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఉంది. కొబ్బరితోటలు, పందులు, ఇళ్లు అన్నీ తుహేత్ పెద్ద చేతిమీదుగా నడిచేవి. సునామీ తర్వాత పరిహారం భార్యాభర్తల చిన్న కుటుంబాల లెక్కన ఖాతాల్లో వేశారు, ఎందుకంటే ఫారాల్లో కుటుంబమంటే అదే. సిమ్రన్ జిత్ సింగ్ అనే పరిశోధకుడు ఆ సాయం నికోబార్ సమాజాన్ని లోపలినుంచి ఎలా మార్చేసిందో వివరంగా రాశారు. ఆ ఫారాలు నింపే చోట నేనూ కొన్నాళ్లు కూర్చున్నాను. నింపేవాడికి గడి మార్చే అధికారం ఉండదన్నది నిజం. గడి చాలదని పక్కన రాయడానికి మాత్రం ఎవరూ అడ్డుపడలేదు. అప్పుడూ నేను రాయలేదు.

హట్‌బే ఆయనతో మాట్లాడిన వారంలోనే పొదుపు సంఘాన్ని కూర్చోబెట్టి ప్రపోజల్ మొత్తం తెలుగులో చదివి వినిపించాను. మొదటే చేయాల్సిన పని. 'నిస్సహాయ మహిళలు' అని ఉన్నచోట ఒకామె ఆపి, "మేం అంత గతిలేనోళ్లమేటి మేస్టారూ?" అంది. బడ్జెట్ దగ్గరికి వచ్చాక మామ్మ కాయితం తన చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. వేలు పెట్టి ఒక్కో వరస ఏమిటో అడిగింది. చివరి వరస అయ్యాక, "మా డబ్బులు ఇందులో ఎక్కడున్నాయో సూపించండి" అంది.

నేను చూపించలేకపోయాను. అప్పుడు ఆమె ఇంట్లోంచి గంగమ్మ పండుగ చందా పుస్తకం తెప్పించింది. ఏ బోటు ఎంత ఇచ్చింది, ఏ ఇల్లు ఎంత ఇచ్చింది, ఖర్చు వైపు డప్పులవాళ్లకెంత, వంటవాడికెంత, మేక ధరెంత. ఆ వరసల్లోనే పుస్తకం రాసిన కుర్రాడికి ఇచ్చిన డబ్బు కూడా ఉంది. పండుగ మర్నాడు అందరి ముందూ అది చదువుతారు, తేడా వస్తే అక్కడే అడుగుతారు. ఈ పుస్తకం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కొన్నేళ్లు రాసినవాణ్ని కూడా. ఫౌండేషన్ బడ్జెట్ రాసేటప్పుడు అది ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. వాళ్లకు లెక్కలు నేర్పాలని నా ప్రపోజల్‌లో ఒక శిక్షణ కూడా పెట్టాను.

ఫౌండేషన్‌కు ఉత్తరం రాశాను. ఏ ఖర్చు ఎవరు భరించారో, ఒక్కో కుటుంబానికి నిజంగా ఎంతయిందో, ఏ రెండు కొటేషన్లు ఉత్తుత్తివో, అన్నీ. సంతకం పెట్టేటప్పుడు మా సంఘం పేరు నల్ల జాబితాలో పడుతుందని కమిటీలో ఒకరిద్దరు భయపడ్డారు, కోపగించుకున్నారు కూడా. వాళ్ల కోపం న్యాయమే. జవాబు వచ్చింది. లెక్క సవరించి ఫైల్లో పెట్టామని, ముగిసిన ఒప్పందం మీద డబ్బు ఇవ్వడానికి వీలులేదని, కొటేషన్ల సంగతి తీవ్రంగా చూస్తున్నామని, కొన్నాళ్లు మా దరఖాస్తు తీసుకోలేమని రాశారు. హట్‌బేవాళ్ల కోతను మళ్లీ పరిశీలిస్తామని కూడా రాశారు. పొదుపు డబ్బు నేనూ కమిటీవాళ్లూ కలిసి కొంచెం కొంచెంగా తీర్చాం. వడ్డీకి తెచ్చుకున్నామె వడ్డీతో సహా. గోడమీది మెప్పు ఉత్తరం తీసేశాం.

ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే మొదట నిబంధన చదవమంటాను, విన్నమాట నమ్మవద్దంటాను. ఉదాహరణకు సీఎస్ఆర్ డబ్బులో పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదన్న మాట చాలామంది నోట వినబడుతుంది, ఆ భయంతోనే జీతాలు, అద్దెలు దాచేస్తారు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు పరిమితి. ప్రాజెక్టు నడపడానికి, చూసుకోవడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని 2021 జనవరిలో సవరించిన నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మార్చి 31 లోపల అంతా ఖర్చయిపోవాలన్న కంగారు కూడా అన్నిచోట్లా అవసరం లేదు. ఆ సవరణల తర్వాత ఏడాది దాటి సాగే పనిని 'కొనసాగే ప్రాజెక్టు'గా మంజూరు చేయించుకుంటే, మిగిలిన డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉంచి మరో మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడవచ్చు. మాలాంటి ఎండ లెక్కన నడిచే పనులకు ఇది పెద్ద ఊరట. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు, 2021 ఏప్రిల్ నుంచి కావలసి వచ్చిన సీఎస్ఆర్-1 నమోదు, ఇవి ముందే చేయించుకోవాలి. ఇవి లేకుండా ఎంత చక్కగా రాసినా చదివేవాళ్లు ఉండరు.

విదేశీ విరాళాల సంగతి వేరు. మెయిన్‌ల్యాండ్‌లోని పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బులో కొంత మాలాంటివాళ్లకు పంచే పద్ధతి ఉండేది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణతో ఆ బదిలీ ఆగిపోయింది. సొంతంగా నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో పనుల మీద 15 లక్షలైనా ఖర్చుపెట్టి ఉండాలి. దీవుల్లో ఒక పేటకు పనిచేసే సంఘానికి అది మామూలు మాట కాదు. ఆ దారి మూసుకుపోవడం చిన్న సంఘాలకు పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం. కాబట్టి దేశంలోని ఫౌండేషన్ల మీదే ఆధారపడే సంఘాలు పెరిగాయి, పోటీ పెరిగింది, ఖర్చు తగ్గించి రాయాలన్న ఒత్తిడీ పెరిగింది. దాతలు పరోక్ష ఖర్చులకు ఇచ్చేది చాలడం లేదని 2021లో బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ మన దేశంలోని స్వచ్ఛంద సంస్థల మీద చేసిన అధ్యయనం కూడా చెప్పింది. అవన్నీ దాతలు ఆలోచించాల్సినవి. కానీ మేం సున్నా రాసినన్నాళ్లు వాళ్లకు కనబడేది సున్నాయే.

ఈసారి దరఖాస్తు ఇంకో ఫౌండేషన్‌కు. చింతచెట్టు కిందే రాశాం, ఆడవాళ్లు చెబుతుంటే. మొదటి పేజీలోనే 'దీవికి చేర్చే ఖర్చు' అని ఒక భాగం పెట్టి, చెన్నై దుకాణం నుంచి పేట దాకా ఒక్కో మజిలీకి ఎంతో రాశాం. లెక్కలు రాసే మనిషి జీతం ఉంది. పనుల పట్టిక ఏప్రిల్‌లో కాక నవంబరులో మొదలవుతుంది, ఎండ నెలలు పసుపు రంగులో ఉన్నాయి. మొత్తం పెరిగింది కాబట్టి ఐసు పెట్టెల సంఖ్య సగానికి తగ్గించాల్సి వచ్చింది. ఎవరికి ముందు ఇవ్వాలన్న దాని మీద ఆ రోజు గట్టిగానే గొడవైంది, ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మర్నాడు మళ్లీ వచ్చారు. వంతుల జాబితా కూడా దరఖాస్తుకు జత చేశాం.

ఫౌండేషన్ జవాబు ఇంకా రాలేదు. దానికోసం ఎండ కాలం పోగొట్టుకునేది లేదని పొదుపు సంఘం తీర్మానం చేసింది. బోట్లవాళ్ల దగ్గర పాత వలలు అడిగి తెచ్చుకున్నారు, కర్రలకు బయానా ఇచ్చారు. జనవరికి కొన్ని మంచెలు వాళ్ల డబ్బుతోనే లేస్తాయి. బడ్జెట్‌లో 'ప్రజల వాటా' అన్న వరసలో ఆ ఖర్చు ఉంది. అంకె వాళ్లు చెప్పింది. పక్కన వాళ్ల సంతకాలు, మామ్మ వేలిముద్ర.